అన్నం తిన్నాక చెప్పిన కబురు

మొన్న లాల్‌దర్వాజాలో మా పక్కింటావిడ కాలం చేసింది. టీచర్ల శిక్షణకని జర్మనీ వెళ్లిన ఆమె మేనకోడలికి ఇంటివాళ్లు ఫోనులో అంతా చూపించారు. పాడె గల్లీ మలుపు తిరిగేదాకా ఆ పిల్ల ఏడుపు ఫోనులోంచి వినబడుతూనే ఉంది. ఒక్కతే ఉన్న పిల్లకు ఇప్పుడే చూపించాలా అని ఆడవాళ్లు గొణుక్కున్నారు. ఒకప్పుడైతే అందరికంటే ముందు నేనే ఆ మాట అనేదాన్ని. ఈసారి వాళ్ల మధ్య నుంచి తప్పుకున్నాను. ఇంట్లోకి వచ్చి కూర్చుంటే అక్క గుర్తొచ్చింది.

అమ్మ నాకు గుర్తులేదు, నన్ను పెంచింది అక్కే. పెళ్లయ్యాక కూడా నన్ను తన దగ్గరే ఉంచుకుని, బావతో కలిసి బర్రెలను సాకి, పాలమ్మి, నన్ను టీచరును చేసింది. ఇంగ్లండు బడుల్లో పాఠాలెలా చెబుతారో మూడు నెలలపాటు చూసి రమ్మని మా సర్కారు బడి నుంచి నన్ను ఎంపిక చేసినప్పుడు, గల్లీ గల్లీ తిరిగి చెప్పుకున్నదీ ఆమే. వెళ్లే రోజు నా చేతిలో పెరుగూ బెల్లం పెట్టి, "ఆడ మస్తు చలుంటదంట, చెవులకు గుడ్డ కట్టుకో. ఈడ మా ఫికర్ పెట్టుకోకు" అని కసురుకుంటూనే సాగనంపింది. అప్పటికే ఆమె గుండె బాగోలేదని, నాకు చెప్పొద్దని బావ చేత ఒట్టు వేయించుకుందని నాకేం తెలుసు?

అక్కడ మొదటి రోజుల్లో నాకేదీ మింగుడు పడలేదు. టీచరు వస్తే పిల్లలు లేచి నిలబడరు, పేరు పెట్టి పిలుస్తారు, తిండిలో ఉప్పూ కారం ఉండవు, సాయంత్రం కాకముందే చీకటి పడిపోతుంది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే ఆ రోజు మా గల్లీ మొదట్లోని కిరాణా కొట్టుకు ఫోను చేస్తే అక్క వచ్చి మాట్లాడేది. రానురాను మాట మాటకూ ఆయాసపడేది. ఏమైందక్కా అంటే, "ఉరికొచ్చిన గదనే, దమ్ము రాదా?" అని నన్నే తిట్టేది. ఆ తర్వాత బావ ఒక్కడే రావడం మొదలైంది. బర్రె ఈనింది, మీ అక్క దూడ దగ్గర నుంచి కదలడం లేదనేవాడు. బర్రె ఈనితే అక్కకు అన్నం కూడా గుర్తుండదని తెలుసు కాబట్టి నమ్మాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆ బడిలో ఒక చిన్నపాప నాయనమ్మ పోయిందని కబురు వచ్చింది. వాళ్ల టీచరమ్మ పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. టీ తాగేటప్పుడు వచ్చీరాని ఇంగ్లీషులోనే ఆమెతో వాదించాను. మా వైపు ఇలాంటి కబురు దూరాన ఉన్నవాళ్లకు చెప్పరని, వాళ్లు ఇల్లు చేరి, స్నానం చేసి, అన్నం తిన్నాకే మెల్లగా చెబుతారని, మావాళ్లది మెత్తని మనసని గొప్పగా చెప్పాను. మరి ఆఖరిచూపు ఎలా అని మాత్రం ఆవిడ అడిగింది.

తిరిగివచ్చిన రోజు విమానాశ్రయానికి బావ ఒక్కడే వచ్చాడు. అక్క ఏదంటే, ఉప్పుగూడలో చుట్టాల పెళ్లికి పోయిందని, ముందు స్నానం చేయమని అన్నాడు. అక్కకోసం తెచ్చిన ఉన్ని శాలువాను, రాగానే కనబడేలా మంచం మీద పరిచి స్నానానికి వెళ్లాను. వేడి అన్నం, పప్పుచారు వడ్డించి బావ నా ఎదురుగా కూర్చున్నాడు. చాలు బావా అన్నా వినకుండా మళ్లీ మళ్లీ వడ్డించాడు. అప్పుడు అర్థమైంది నాకు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"కడుపునిండ తిన్నంకనే చెప్పుమన్నది, బిడ్డా" అని బావ బావురుమన్నాడు.

అక్క పోయి అప్పటికి నెల దాటింది. నేను ఆ టీచరమ్మ ముందు మా ఆచారాన్ని మెచ్చుకున్న వారంలోనే పోయింది.

ఎవరిని ఏమనను? ప్రేమకొద్దీ చేశారు, చేయించింది అక్కే. ఇప్పుడు మా గల్లీలో బర్రెలు లేవు, కిరాణా కొట్టులో ఆ ఫోనూ లేదు, ఏ కబురూ గంటసేపు కూడా దాగదు. అంత దూరాన ఒక్కతే ఏడుస్తున్న పక్కింటి పిల్లను చూస్తే జాలేసింది. కానీ నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్లుకున్నాను కూడా. మేనత్త పోయిన రోజునే ఆమె మేనత్త కోసం ఏడ్చింది. మా అక్క పోయిన రోజున నేనేం చేశానో నాకు గుర్తే లేదు. బహుశా ఆ బడి పిల్లలతో కలిసి నవ్వుతూ ఫోటో దిగి ఉంటాను.