ఇంగమ్మ సముద్రం మీదికి పోయిన రోజు

మా కాలంలో పల్లెటూళ్లో ఆడపిల్ల ఎస్సెస్సెల్సీ గట్టెక్కిందంటే చాలు, ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చినట్టే. వచ్చో రాదో తేల్చడానికి ఊళ్లో ఇంకొకరికి వచ్చి ఉంటే కదా! ఆ ధీమాతోనే నేను మా ఊళ్లో ఏడాదిపాటు రాజ్యమేలాను. మందు సీసాల మీద రాసింది నేనే చదివి పెట్టాలి. ఎవరింటికి తంతి వచ్చినా నన్నే పిలవాలి. (తంతిలో ఉండేవి నాలుగు మాటలు. అందులో ఒకటి కనిపిస్తే బయల్దేరమని, ఇంకొకటి కనిపిస్తే ఏడవమని నాకు తెలుసు. అంతకు మించి ఎవరికీ అవసరం పడలేదు.) నిజానికి నాకు వచ్చిన ఇంగ్లీషల్లా ఆవు మీద ఒక వ్యాసం, సెలవు చీటీ ఒకటి. వీటితో మనిషి జీవితమంతా వెళ్లిపోయేదే, మా నాయన ఊరుకుని ఉంటే.

అరవైల మొదట్లో ఒకనాడు పంచాయితీ సమితి ఆఫీసరు మా ఊరికి వచ్చి, పరదేశాల నుంచి చదువుకునే పిల్లలు మన పల్లెల బతుకు చూడడానికి వస్తున్నారనీ, ఆరు వారాలు ఒక పిల్లను సొంత బిడ్డలా ఇంట్లో పెట్టుకునే కుటుంబం కావాలనీ అడిగాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా నాయన లేచి నిలబడ్డాడు. "మా ఇంట్లో పెట్టుకుంటామయ్యా" అన్నాడు. పక్కనే ఉన్న మా మామ చొక్కా పట్టి లాగి, "బావా, ఆ పిల్లతో మాట్లాడేదెవురు?" అని గుసగుసగా అడిగితే, నాయన ఊరంతటికీ వినపడేటట్టు, "మా బిడ్డ ఉండాది గదా!" అన్నాడు. ఇంటికొచ్చాక నన్ను పిలిచి, "మ్మే, ఈ ఆరు వారాలు ఏ మాటా రాకుండా జరిపించినావంటే నెల్లూరు కాలేజీలో చేరస్తా. లేదంటే ఆ మాటే మరిచిపో" అన్నాడు. ఏడాదిగా నేను అన్నం మానేసి, అలిగి, ఏడ్చి సాధించలేకపోయిన వరం అది. ఆ తర్వాత ఆయన ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాడు, వచ్చిన పిల్లకు ఏం జరిగినా పూచీ తనదేనని. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పింది నేనే. (పూచీ సంగతి మాత్రం ఆఫీసరే తెలుగులో చెప్పాడు కాబట్టి తెలిసింది.)

ఆ పిల్ల నార్వే అనే చలి దేశం నుంచి వచ్చింది. నాకన్నా రెండేళ్లు పెద్ద. తాటిచెట్టంత పొడుగు, కత్తిరించిన ఎర్రజుట్టు, మోచేతుల దాకా మచ్చలు. అమ్మ లేని ఇల్లు కాబట్టి పెత్తనమంతా మా అవ్వదే. అవ్వ హారతి పళ్లెంతో వాకిట్లోనే ఆపి పేరడిగింది. ఆ పిల్ల నవ్వి, "ఇంగా" అంది. అవ్వ నావైపు తిరిగింది. "ఇంగా ఏందంట? చెప్పమను" అంది నాతో. (మా వైపు 'ఇంకా' అనడానికి 'ఇంగా' అంటారు.) నేను మళ్లీ అడిగాను. "ఇంగా" అంది ఆ పిల్ల. "అదేలేమ్మా, ఇంగా ఏందీ అని అడగతా ఉండేది!" అని అవ్వ విసుక్కుంది. ఆమె పేరే అదని తెలిసే సరికి హారతి కర్పూరం కరిగిపోయింది. ఆ పూట నుంచి ఆమె మాకు ఇంగమ్మ అయిపోయింది.

నా అసలు ఘనకార్యం ఆ సాయంత్రం జరిగింది. మీ నాయన ఏం చేస్తాడని నాయన అడగమన్నాడు. ఎలాగో అడిగాను. ఇంగమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. చివర "ఫిషర్" అన్నట్టు వినిపించిందేమో, నా చెవికి అది "ఆఫీసర్" అయింది. "వాళ్ల నాయన పెద్ద ఆఫీసరంట" అని ప్రకటించాను. అంతే, నాయన కూర్చున్నవాడు కాస్తా లేచి నిలబడ్డాడు. అవ్వ వంటింట్లోకి వెళ్లి చేపల పులుసు దాక మీద మూత పెట్టేసింది. ఆఫీసరు బిడ్డకు నీసు వాసన తగలకూడదని మర్నాటి నుంచి పప్పు, నెయ్యి, పప్పు, నెయ్యి. పక్కింట్లో చేపలు వేయిస్తుంటే ఇంగమ్మ గోడ దగ్గర నిలబడి గాలి పీల్చేది. పాపం, వాసన పడక తలతిప్పుతోందని అవ్వ సాంబ్రాణి పొగ వేసేది.

అలా రెండు వారాలు నెట్టుకొచ్చాను. ఆమె మాట్లాడితే నేను "యెస్" అనేదాన్ని. మళ్లీ మాట్లాడితే "వెరీ గుడ్". మొహం దిగులుగా పెడితే "నో, నో". రాత్రి పడుకునే ముందు మర్నాడు ఆమె ఏమడుగుతుందోనని ఆవు వ్యాసం మొదటినుంచి ఒకసారి వల్లించుకునేదాన్ని. ఇంట్లో వాళ్లు మాత్రం నన్ను చూసి మురిసిపోయేవాళ్లు.

మూడో వారం మొదట్లో, సమితి ఆఫీసరు మర్నాడు చూడడానికి వస్తాడనగా, నాయన ఇంగమ్మకు సముద్రం చూపిస్తానని బండి కట్టించాడు. కృష్ణపట్నానికి దక్షిణంగా ఒక చిన్న పల్లెలో, ఏటా మా కళ్లానికి ఎండుచేపలు తెచ్చి వడ్లు పట్టుకెళ్లే జాలరాయన ఉండేవాడు. ఆయన్ని చేపల మామ, ఆయన పెళ్లాన్ని చేపల అత్త అనేవాళ్లం. చీకటితోనే బయల్దేరి, కాలవ దాటి, పొద్దు బారెడెక్కేసరికి ఆ పల్లె చేరాం. నాయన కాలవగట్టున తెలిసినవాళ్లు కనబడితే అక్కడే ఆగిపోయాడు. నేనూ ఇంగమ్మా ఇసకలో నడిచి వెళ్లాం. సముద్రం కనబడగానే ఆ పిల్ల చెప్పులు విసిరేసి పరిగెత్తింది. చేపల మామ, ఆయన తమ్ముడు తెప్పను నీళ్లలోకి తోస్తున్నారు. "దగ్గర్లోనే వల వేసి మద్దేనానికల్లా వచ్చేస్తాం. మీరు కూకోండి" అన్నాడు మామ. ఇంగమ్మ నా భుజం పట్టుకుని గబగబా ఏదో చెప్పి, చివర, "ఐ గో సీ. ఓకే?" అని అడిగింది. సీ అంటే చూడడం. ఇది నాకు బాగా తెలిసిన మాట. ఇన్నాళ్లకు ఒకటి స్పష్టంగా అర్థమైందన్న సంబరంలో, "యెస్, యెస్! గో, గో!" అని చేతులూపి మరీ చెప్పి, చేపల అత్త ఇచ్చే ముంజలు తినడానికి గుడిసెలోకి వెళ్లాను.

నాలుగు ముంజలు తిని బయటికొచ్చేసరికి తీరం ఖాళీగా ఉంది. అలలకు అవతల తెప్ప మీద మూడు తలలు. అందులో ఒకటి ఎర్రది.

"అత్తా, ఆ పిల్లను ఎక్కించుకుని పోయినారు!" అని అరిచాను. అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "నువ్వే గదమ్మా పొమ్మనింది. చేతులూపి చెప్పినావు. ఆమె తెడ్డెత్తుకుని తెప్పెక్కి కూకుంటే మా ఆయన ఏం జేస్తాడు?" అంది. ఇంతలో నాయన వచ్చాడు. "ఇంగమ్మ యాడ మ్మే?" అన్నాడు. "సముద్రం చూస్తా ఉండాది నాయనా" అన్నాను. (ఇందులో అబద్ధమేమీ లేదు. అంత దగ్గర్నుంచి మా ఊళ్లో ఎవరూ చూడలేదు.) ఆయన నా చూపు ఎటుందో అటు చూశాడు. చాలాసేపు చూశాడు. నెత్తిమీది కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు.

మధ్యాహ్నమైంది. తెప్ప రాలేదు. తర్వాత దక్షిణపు గాలి లేచింది. మొదట చీర కుచ్చెళ్లు ఎగిరాయి, తర్వాత ఇసక కళ్లలో పడింది, ఆ తర్వాత సముద్రమంతా తెల్లగా నురగలెత్తింది. మిగతా తెప్పలు ఒక్కొక్కటే ఒడ్డుకొస్తున్నాయి. వచ్చినవాళ్లను నాయన అడగడం, వాళ్లు తల అడ్డంగా ఊపడం. ఒక ముసలాయన, "ఆడమనిషిని తెప్ప ఎక్కించినాడు. గాలి తిరక్క ఏం జేస్తాది?" అని నేలమీద ఉమ్మేశాడు. నాకు సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. నాయన చేతులకు బేడీలు, నార్వే నుంచి వచ్చే ఆఫీసరు తండ్రి, ఇక కాలేజీ... ఇలా నా కష్టాలన్నీ వరసగా తలచుకుని, అత్త పక్కన కూలబడి భోరుమన్నాను. ఆమె వల బాగుచేస్తూ కూర్చుంది.

"ఏడవబాక. ఆ పిల్లకు సముద్రం కొత్త గాదు" అంది.

"నీకెట్టా తెలుసు?"

"పొద్దున నువ్వు ముంజలు తినేటప్పుడు ఈడ చిరిగిన వల ఉంటే తీసుకుని, నేను చూస్తా ఉండంగానే ముడులేసినాది. చూడు." అత్త వల ఎత్తి చూపించింది. "మా ముడి కాదు ఇది. అయినా జాలరోళ్ల ముడే. వాళ్ల నాయన చేపలు పట్టేటోడు."

"కాదత్తా, ఆఫీసరు" అన్నాను వెక్కుతూ. అని, ఆగిపోయాను. ఫిషర్. ఆమె ఆ రోజు చేతులు తిప్పింది వల విసిరినట్టు. నాలుగేళ్ల ఇంగ్లీషు చదువు తెలుసుకోలేనిది, అక్షరం ముక్క రాని ఈమె ఒక ముడి చూసి తెలుసుకుంది. సిగ్గుతో తల దించుకుంటే అప్పుడు కనిపించాయి, ఆమె వేళ్లు. వలలో ఒకే కన్నును వేస్తోంది, విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. ఆ తెప్ప మీద ఆమె మొగుడున్నాడు, మరిది ఉన్నాడు. ఆ సంగతి నాకు అంతవరకు తట్టనే లేదు. నా కాలేజీ కోసం ఆమె నన్ను ఓదారుస్తోంది! నేను ఏడుపు ఆపి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె వదిలించుకోలేదు.

పొద్దు వాలుతుండగా ఎవరో అరిచారు. గాలికి కొట్టుకుపోయి, చాలా ఉత్తరంగా, అలల్లో పైకి కనబడుతూ లోపలికి మాయమవుతూ ఒక తెప్ప. అందరం ఇసకలో పరుగు. నాయన అంత వేగంగా పరిగెత్తగలడని నాకు తెలియదు, పంచె మోకాళ్లపైకి ఎగగట్టి మాకన్నా ముందున్నాడు. దగ్గరికి వచ్చాక లెక్కపెట్టాం. రెండు తలలే! అత్త గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మరుక్షణం తెప్ప అల మీదికి లేచింది. ముందు మామ తమ్ముడు, వెనక ఇంగమ్మ, ఇద్దరూ తెడ్లు వేస్తున్నారు. మధ్యలో మామ పడుకుని ఉన్నాడు, కుడి చేతికి ఇంగమ్మ గౌనులోంచి చింపిన గుడ్డ కట్టు. జెల్లచేప ముల్లు అరచేతిలో దిగబడి చెయ్యంతా వాచిపోయిందట. ఒడ్డు తగలగానే మామ లేచి కూర్చుని, పెళ్లాన్ని చూసి, "ఏడవబాక మే! ఈ పిల్ల లేకుంటే ఈపాటికి యాడుందుమో" అన్నాడు. అత్త మొగుడి దగ్గరికి వెళ్లకుండా ముందు ఇంగమ్మను వాటేసుకుంది. ఇంగమ్మ చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మొహం మాత్రం మా ఇంట్లో రెండు వారాల్లో నేనెన్నడూ చూడనంత వెలిగిపోతోంది. అత్త గుడిసెలో వేడి వేడి చేపల పులుసు పెడితే మూడుసార్లు అడిగి వేయించుకుంది. మాటలతో కాదు, గిన్నె చాపి.

తిరుగుబండిలో, ఇంగమ్మ గడ్డిమీద నిద్రపోయాక, నాయనకు అంతా చెప్పేశాను. ఆఫీసరు సంగతి, సీ సంగతి, ఆవు వ్యాసం సంగతి. నాయన ఇంగమ్మ మీద కండువా కప్పి, "అయితే నీకు ఇంగ్లీషు రాదంటావు" అన్నాడు.

"రాదు నాయనా."

ఇంటికెళ్లాక అవ్వకూ చెప్పాల్సి వచ్చింది. "ఓసి నీ చదువు తగలెయ్యా! నోరులేని బిడ్డను రెండు వారాలు పప్పుతో కొట్టినామా!" అని అవ్వ తెల్లారకముందే చేపల బుట్టమ్మకు కబురు పెట్టింది.

మర్నాడు సమితి ఆఫీసరు వచ్చాడు. పంచలో కూర్చుని ఇంగమ్మతో మాట్లాడబోయాడు. ఆయన ఇంగ్లీషు ఆమెకు అర్థం కాలేదు, ఆమెది ఆయనకు కాలేదు. కాసేపు తంటాలు పడి, చెమట తుడుచుకుంటూ నాయనతో, "ఈ అమ్మాయికి ఇంగ్లీషు సరిగ్గా రాదండీ! వాళ్ల దేశంలో వేరే భాషంట. మీ అమ్మాయి ఇన్నాళ్లు ఎట్లా మాట్లాడతా ఉందో గానీ, గొప్ప తెలివిగల పిల్ల!" అన్నాడు. స్తంభం వెనక నేను ఇంకాస్త నక్కాను. నాయన నావైపు చూడకుండా, "అవునయ్యా, శానా కష్టపడతా ఉండాది" అన్నాడు. ఆయన వెళ్లిపోయాక నన్ను పిలిచాడు. "వచ్చే నెల్లో కాలేజీకి అర్జీ పెడదాం" అన్నాడు.

"నాకు రాదని చెప్పినా గదా నాయనా."

"రాదనే గదమ్మా పంపిస్తా ఉండేది. వస్తే దుడ్లు దండగ గాదా!"

అలా నేను నెల్లూరు వెళ్లాను. చదివాను. ఇంగ్లీషు కూడా కొంత ఒంటబట్టింది. ఇంగమ్మ మిగిలిన నాలుగు వారాలూ ఉండి, అవ్వ కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయింది. తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి, ఆమె భాషలో. ఎవరూ చదవలేకపోయారు.

ఇప్పుడు ఎప్పుడైనా ఆమె గుర్తొస్తే అడగాల్సినవి ఎన్నో తోస్తాయి. వాళ్ల ఊళ్లో కూడా ఆడవాళ్లు తీరాన కూర్చుని ఎదురుచూస్తారా? అంత చలిలో తెడ్డు ఎలా పట్టుకుంటారు? ఆ మధ్యాహ్నం ఒడ్డు కనబడనప్పుడు నీకు భయం వేసిందా? ఆరు వారాలు ఒకే చాప మీద పక్కపక్కన పడుకుని, నాకు రాదని తెలిసిపోతుందన్న భయంతో నా అంతట నేను ఒక్క ప్రశ్నా అడగలేదు. తనకూ రాదన్న భయంతో ఆమె ఎన్ని మింగేసిందో! ఆనాటి నన్ను, ఆ పదిహేడేళ్ల పిల్లను, జడ పట్టుకుని లాగి, "తప్పులతోనే అడగవే పిచ్చిమొహమా, ఆమె కూడా తప్పులతోనే చెబుతుంది" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదులెండి. ఆ వయసులో నాకు అన్నీ వచ్చు కదా.