చల్లగా ఉండాల్సింది ఏది?

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమె ఇరవై రెండేళ్ళుగా టైపిస్టు. మేనేజర్ చెప్పింది చెప్పినట్టు కొట్టడం, సంతకం పెట్టించడం, గోడకు అంటించడం ఆమె పని. అక్షరం పొల్లుపోయేది కాదు. ఆ సంగతంటే ఆమెకు కాస్త గర్వం కూడా. అందరూ టైపిస్టక్క అనేవారు.

ఒకనాడు ఇస్త్రీ యంత్రం మీద అంటించడానికి మేనేజర్ ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాడు: "పోర్ వాటర్ ఇన్‌టు ద ట్యాంక్ ఓన్లీ వెన్ కోల్డ్." చల్లగా ఉన్నప్పుడే ట్యాంకులో నీళ్ళు పోయాలట. చల్లగా ఉండాల్సింది ట్యాంకా, నీళ్ళా? కొడుతుంటే ఆమెకు అనుమానం వచ్చింది. అడిగితే 'నాకే ఇంగ్లీషు నేర్పుతావా' అంటాడని ఊరుకుంది.

నాలుగో రోజు, ఇస్త్రీ చేసే పెద్దావిడ, అంతా పిన్నీ అని పిలిచే మనిషి, సలసల కాగుతున్న ట్యాంకు మూత తీసి చన్నీళ్ళు పోసింది. ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నింది. ముంజేయంతా బొబ్బలెక్కింది.

పిన్ని కట్టు కట్టించుకుని వచ్చాక మేనేజర్ గయ్యిమన్నాడు. "కాగితం కళ్ళెదుటే ఉందిగా! చదువు రాదా?"

"చదివే పోశాను సార్. కోల్డ్ అంటే చన్నీళ్ళనుకున్నా."

టైపిస్టక్క ముందుకొచ్చి నోరు విప్పింది. "పిన్ని తప్పేం లేదు సార్. కోల్డ్ అన్న మాటను చివర్న వదిలేశాం. అది దేన్ని గురించో చదివేవాళ్ళకెలా తెలుస్తుంది? కొట్టేటప్పుడే నాకు తోచింది. అడగలేదు. అది నా తప్పు."

మేనేజర్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "మరెలా రాద్దాం?" అన్నాడు గొంతు తగ్గించి.

"రెండు ముక్కలు చేద్దాం సార్. ముందు ట్యాంకు చల్లారనివ్వండి. తర్వాతే నీళ్ళు పోయండి."

ఆ సాయంత్రం ఆమె పిన్ని ఇంటికి వెళ్ళింది.

"నన్ను నాలుగు తిట్టు పిన్నీ."

"తిడితే బొబ్బలు తగ్గుతాయా? కూర్చో. గోడల మీద అంటించిన కాగితాలన్నీ ఓసారి పట్రా, నాకెలా అర్థమవుతాయో చెప్తా."

మర్నాడు సాయంత్రం పదకొండు కాగితాలు పట్టుకెళ్ళింది. పిన్ని కూడబలుక్కుని చదివింది. ఏడోదాని దగ్గర ఆగి, కళ్ళజోడు పైకి తోసింది. సోక్డ్ ఓవర్‌నైట్, ద వర్కర్స్ షుడ్ వాష్ ద షీట్స్.

"ఇదేంటే, రాత్రంతా మమ్మల్నే నానబెట్టారు?"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నానబెట్టిన సంగతిని వర్కర్ల దగ్గర్నుంచి తీసి దుప్పట్ల పక్కకు జరిపింది టైపిస్టక్క. ఏడున్నరకల్లా మిగతావీ సరిచేశారు.

మేనేజర్ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. కానీ అప్పట్నుంచి పిన్ని చదివి సరేనన్నాకే కాగితం మీద సంతకం పెట్టేవాడు. ఆవిడ పని మానేశాక ఆ బాధ్యత వ్యాను డ్రైవరుకు వచ్చింది. అతను మహా పెంకి మనిషి. ప్రతి మాటకూ 'ఎందుకు?' అంటాడు. టైపిస్టక్క విసుక్కోకుండా అతని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.