గుర్లి ఇరవయ్యో కప్పు

మా రేవుపట్నం ఓలెసుండ్‌లో వానకి జడిసి ఇంట్లో కూర్చున్నవాళ్ళని మనుషుల్లో జమకట్టరు. వానా గాలీ చీకటీ ఏదైనా సరే, బూట్లు తొడుక్కుని ఊరి వెనక కొండెక్కాలి. పైన రాళ్ళగుట్ట దగ్గర రేకు పెట్టెలో ఉండే పుస్తకంలో పేరూ తేదీ రాసి దిగాలి. ఏడాదిలో వందసార్లు రాసినవాళ్ళకి నవంబరు ఆఖరి ఆదివారం కొండసంఘం వాళ్ళు ఒక పింగాణీ కప్పు ఇస్తారు. తెల్లకప్పు, మీద నీలిరంగు కొండ, కింద సంవత్సరం. అంతే! దానికోసం మా ఊరివాళ్ళు పడే తాపత్రయం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

గుర్లి వంటింటి కిటికీలో అలాంటివి పంతొమ్మిది ఉన్నాయి. ముప్ఫయ్యొక్క ఏళ్ళు రేవులో పడవ టిక్కెట్లమ్మి రిటైరైన మనిషి. పెళ్ళీ పెటాకులూ లేవు. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ కళ్ళు ఆ కిటికీ మీద పడాల్సిందే, పడకపోతే ఆవిడే పడేలా చేసేది. వాటిల్లో ఒక్కనాడూ కాఫీ తాగలేదు, ఎవరికీ పొయ్యలేదు.

మొన్న జూన్‌లో కొండ దిగుతుంటే కుడి మోకాలు కలుక్కుమంది. అప్పటికి యాభై ఎనిమిదిసార్లయింది. వారం ఆగి మళ్ళీ బయల్దేరితే సగం దారిలో ఉన్న బెంచీ దాకా వెళ్ళేసరికి కాలు మొరాయించింది. వెనకనించి పొరుగింటి తోర్మోడ్ వచ్చాడు. రోజూ పొద్దున్న ఏడింటికల్లా పైనుండే మనిషి.

"ఏమ్మా గుర్లీ, ఇక్కడే కాపరం పెట్టేశావేం?"

"బూటు కరుస్తోందిలే. ఈ ఒక్కసారికీ నా పేరు కూడా రాసెయ్యి."

"దానికేం భాగ్యం!" అని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్కసారి నలభై రెండుసార్లయింది. మొదట్లో బెంచీ దాకానైనా వెళ్ళేది. తరవాత అదీ మానేసి, తోర్మోడ్ గుమ్మం ముందునించి పోతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపేది. అతను తలాడించేవాడు. ఎందుకని అతను అడగలేదు, ఈవిడ చెప్పలేదు. వీధిలో ఎవరైనా కనిపిస్తే పళ్ళ బిగువున నిటారుగా నడిచేది, ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాక గోడ పట్టుకుని కుంటేది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. వెళ్తే ఆ వసారాలో కూర్చున్నవాళ్ళంతా కొండకెళ్ళేవాళ్ళేనాయె!

నవంబరు ఆఖర్లో, శుక్రవారం సాయంత్రం, చెల్లెలు యోర్దిస్ దిగింది. సముద్రం మొహం ఎరగని రోరస్‌లో కాపరం. అక్క ఇరవయ్యో కప్పు అందుకోవడం కళ్ళారా చూడాలని రోజంతా రైల్లోనూ బస్సులోనూ పడి వచ్చింది.

"రేపు నన్ను కూడా ఎక్కించు అక్కా. నువ్వు ముందు, నేను వెనక. ఆ పుస్తకంలో నీ పేరు కింద నా పేరు రాసుకోవాలి."

గుర్లి కుడికాలు బల్ల కిందికి లాక్కుంది. "నాకు జలుబుగా ఉందే," అంది.

"నీకా? జలుబా?" అని నవ్వేసింది యోర్దిస్. పొద్దున్న ఇద్దరూ కలిసి కాఫీ తాగాక ఒక్కతే బయల్దేరింది. ఒంటిగంటకి నిలువునా తడిసి, చెంపలు ఎర్రబారి, చిన్నపిల్లలా అరుచుకుంటూ వచ్చింది.

"అక్కా! నువ్వు రాలేకపోయావు కదా, నా పేరుతోపాటు నీ పేరూ రాద్దామనుకున్నాను. తీరా చూస్తే పొద్దున్నే ఎవరో రాసేశారు! నీకు జలుబు చేసిందని తెలిసి రాశారు కాబోలు. ఈ ఊరు నిన్ను ఎంత నెత్తిన పెట్టుకుందే అక్కా! మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను కూడా."

గుర్లికి తల కొట్టేసినట్టయింది. గళ్ళ అట్లేసే వాఫిళ్ళ పెనం వైపు తిరిగి, మాడని వాఫిల్‌ని మాడిందంటూ గీకడం మొదలెట్టింది. చెప్పెయ్యొచ్చు కదా, చెల్లెలే కదా! రేపటి సభలో చెప్పేస్తాననుకుంది. అలా అనుకోవడం ఎంత తేలిక!

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. "ఇరవై ఏళ్ళు, ఒక్క ఏడాదీ తప్పకుండా!" అని అధ్యక్షురాలు పేరు చదివింది. వేదికకి మూడే మెట్లు. ఆ మూడూ కుంటకుండా ఎక్కేసరికి గుర్లి వీపంతా చెమట పట్టింది. వెనక వరసలో తోర్మోడ్ తన బూట్ల వంక చూసుకుంటూ చప్పట్లు కొడుతున్నాడు. ముందు వరసలో యోర్దిస్ లేచి నించుంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు అనుకుంది గుర్లి. తల వంచి కప్పు అందుకుంది, దిగొచ్చింది. సిగ్గులేని ముండని, అని తనని తాను తిట్టుకుంది. కప్పు మాత్రం వదల్లేదు.

సోమవారం పొద్దున్న యోర్దిస్ సంచీ సర్దుకుంటూ కిటికీ దగ్గరికొచ్చింది.

"ఒకటి అడుగుతాను, కాదనకు. ఇన్నున్నాయి కదా, ఒక్కటి నాకియ్యి. రోరస్‌లో అందరికీ చూపించుకుంటాను." చెయ్యి తిన్నగా ఇరవయ్యోదాని మీదికి పోయింది. "ఇదియ్యి. దీనికోసమే కదా వచ్చాను."

"అది వద్దు."

"పోనీలే, నువ్వే ఉంచుకో. అంత ముద్దయితే..."

"ముద్దూ కాదు, ఏమీ కాదు! మిగతా పంతొమ్మిదీ పట్టుకుపో. అదొక్కటీ నీ ఇంట్లో పెట్టకు." కుర్చీ వీపు పట్టుకుంది. "నేను యాభై ఎనిమిదిసార్లే ఎక్కాను. తక్కినవి తోర్మోడ్ చేత రాయించాను. నువ్వు చూసిందీ అతని రాతే. ఊరి ప్రేమా కాదు, నా మొహమూ కాదు."

యోర్దిస్ కప్పు కిందపెట్టింది. ఏదో ఒకటి తిట్టి పోతే బావుణ్ణనిపించింది గుర్లికి. మా ఆయనకి ఏం చెప్పను అంటుందేమో, ఇంత దూరం ఇందుకా వచ్చాను అంటుందేమో అని కాచుకుని నించుంది.

"మోకాలా, తుంటా?" అంది యోర్దిస్.

"మోకాలు."

"బాగా నొప్పిగా ఉందా అక్కా?"

ఈ మాట ఎవరూ అడక్కుండా ఉండాలనే కదా ఇంత భాగోతం ఆడింది! గుర్లి కుర్చీలో కూలబడి, కడుపులోది కక్కినట్టు ఏడ్చింది. "చచ్చేంత నొప్పే," అంది.

చెల్లెల్ని బస్సెక్కించాక ఇంటికొచ్చి, గొడుగుల బుట్ట అడుగున ఎప్పటిదో చేతికర్ర ఉంటే తీసింది. ఇరవయ్యో కప్పు సంచీలో వేసుకుని, పట్టపగలు, రేవు పక్కనించి సంఘం ఆఫీసు వైపు కుంటుకుంటూ బయల్దేరింది. వీధి మలుపు తిరక్కముందే ముగ్గురు ఆపారు. "అయ్యో, కాలికేమైంది గుర్లీ? ఎక్కడికి బయల్దేరావు?"

మొహం మండిపోతుండగా, ముగ్గురికీ ఆగి రెండు సంగతులూ చెప్పింది.