ముహూర్తానికి ముందు మూడు సూదులు

పోయిన నెల తిరుపతిలో మా కోడలికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఇంకా కళ్ళు సరిగ్గా తెరవనే లేదు, ఎవరి పోలికో తేల్చడానికి నేనూ మా వియ్యపురాలూ మర్యాదగా పోటీ పడుతున్నాం. అంతలో నర్సమ్మ ట్రే పట్టుకుని వచ్చి బిడ్డ తొడను దూదితో తుడిచింది. "పుట్టి పూట గడవలా, అప్పుడే సూది ఏమిటికమ్మా?" అని వియ్యపురాలు అడ్డం వెళ్ళింది. "హెపటైటిస్ బి టీకామ్మా. పుట్టిన రోజే వెయ్యాల" అంది నర్సమ్మ. బిడ్డ ఒక్కసారి కెవ్వుమని, ఏమీ జరగనట్టు మళ్ళీ నిద్రలోకి జారుకుంది. నాకు మాత్రం మా మరిది పెళ్ళి గుర్తొచ్చింది. సూదిని చూసి పెళ్ళి గుర్తు రావడం వింతే గాని, మా ఇంట్లో ఆ రెండూ కలిసే వచ్చాయి.

అప్పట్లో మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. మా ఆయనకు బెల్లం మండీ. ఇంటి తలుపు తీస్తే చాలు, వీధి చివరిదాకా తియ్యటి వాసన. మా మరిది పాకాల హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాడు. సన్నగా, పొడుగ్గా, మొగల్ చక్రవర్తులందరినీ వరసగా అప్పజెప్పగలిగి, టిఫిన్ డబ్బా మాత్రం ఎప్పుడూ రైల్లో మరిచిపోయే మనిషి. చూసిన సంబంధమల్లా వద్దంటూ వచ్చి, చివరికి కార్వేటినగరం అమ్మాయిని చూసి మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ మౌనమే అంగీకారమని మా అత్త తేల్చేసింది. ఆ అమ్మాయి ఒక స్కూల్లో లెక్కల టీచరు. ఇక తాంబూలాలు మార్చుకోవడమే తరువాయి అనుకుంటుండగా, పాకాల స్కూల్లో రక్తదాన శిబిరం పెట్టారు. మా మరిది రక్తమిచ్చి, వాళ్ళిచ్చిన అరటిపండు, బిస్కెట్ల పొట్లం జాగ్రత్తగా ఇంటికి తెచ్చి, యుద్ధం నుంచి వచ్చినవాడిలా మాకు పంచిపెట్టాడు. కొన్నాళ్ళకు రక్తనిధి నుంచి ఫోను, ఒకసారి స్వయంగా రమ్మని. వెళ్ళి వచ్చినవాడు వంటింటి గడప దగ్గర నిలబడి, "వదినా, నా నెత్తురు ఎవురికీ పనికిరాదంట" అన్నాడు.

హెపటైటిస్ బి అన్న మాట మా ఇంట్లో వినబడడం అదే మొదటిసారి. కామెర్లలో ఒక రకమని అతను అర్థం చెప్పగానే, మా అత్త అతన్ని వెలుతురులోకి లాక్కెళ్ళి కళ్ళ రెప్పలు కిందికి లాగి చూసింది. "కండ్లు తెల్లగా ఉండాయి గదరా. యాడ కామెర్లు?" అంది. అయినా మనసు ఊరుకోక పసరు వైద్యానికి తీసుకెళ్ళింది. ఉప్పు లేని అన్నం తింటూ, మేకపాలలో కలిపిన ఆ పచ్చటి పసరును అతను కళ్ళు మూసుకుని తాగాడు. తరువాత చేసిన పరీక్షలోనూ వైరస్ ఉన్నచోటే ఉంది. బరువు మాత్రం తగ్గాడు.

అప్పుడు తిరుపతిలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఓపికైన మనిషి. ఈ వైరస్ కాలేయంలోని కణాల్లో కాపురం పెడుతుందని, తనంతట తాను పెరగలేక ఆ కణాల చేతనే తన నకళ్ళు తీయించుకుంటుందని చెప్పాడు. పెద్దవాళ్ళకు సోకితే ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి పోరాడుతుంది, చాలామంది కొన్ని నెలల్లో దాన్ని వదిలించుకుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డకు సోకితే ఒంటికి అది పరాయిదని తెలియదు, ఇంట్లో మనిషిలా ఉండనిస్తుంది. ఏళ్ళ తరబడి ఏ బాధా ఉండదు. కొందరిలో ఎప్పటికో కాలేయం గట్టిపడుతుంది, లేకపోతే అక్కడ గడ్డ లేచి క్యాన్సరవుతుంది. మా మరిది కాలేయం ఇప్పటికి బాగానే ఉందని, ఆరు నెలలకొకసారి చూపించుకోవాలని చెప్పి, "పెళ్ళి చేసుకోవచ్చు. కానీ అమ్మాయికి ముందే టీకా పడాలి. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది" అన్నాడు. నెత్తురు ద్వారా, భార్యాభర్తల కలయిక ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుందని, కంచం వల్లా గ్లాసు వల్లా పక్కన కూర్చోవడం వల్లా రాదని రెండుసార్లు చెప్పాడు. రెండోసారి మా అత్త వైపు చూసి చెప్పాడు.

ఇంటికి వచ్చాక మా అత్త తన తీర్పు చెప్పింది. "వాళ్ళకేమీ సెప్పబాకండి. సెప్తే పిల్లనెవురిస్తారు? పెండ్లయినాంక నిదానంగా సూది ఏపిస్తాము." మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. మా మరిది ఎప్పుడూ తల్లికి ఎదురు చెప్పినవాడు కాదు. ఆ రోజు మాత్రం, "సెప్పకుండా సేసుకుంటే, ఆ పిల్ల నన్ను నమ్మి వచ్చిన ఇంట్లోనే ఆ పిల్లకు హాని పెట్టినట్టు గదమ్మా. నేనే పోయి సెప్తాను" అన్నాడు.

నేనూ, మా ఆయనా, మా మరిదీ ముగ్గురం కార్వేటినగరం వెళ్ళాం. వాళ్ళు తాంబూలాల మాటకే వచ్చామనుకుని పకోడీలు వేశారు. మా మరిది పకోడీ ముట్టుకోకుండా, పాఠం చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. చెబుతున్నంతసేపూ రుమాలును మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. అమ్మాయి తండ్రి పకోడీల పళ్ళెం పక్కకు జరిపాడు. "నిజం సెప్పినావు, సంతోషమప్పా. ఆడపిల్లను గన్నోడిని, నాకు బయ్యముండాది" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఇంక మేమూ లేవవలసిందే అనుకున్నాను. అంతవరకు తలుపు దగ్గర నిలబడి వింటున్న అమ్మాయి ముందుకు వచ్చి పీట లాక్కుని కూర్చుంది. టీకా వేసుకుంటే తప్పకుండా పని చేస్తుందా అని అడిగింది. మూడూ పడ్డాక నెత్తురు పరీక్ష చేసి చూస్తారని, రక్షణ వచ్చిందీ లేనిదీ అందులో తెలుస్తుందని మా మరిది చెప్పాడు.

"అయితే ఆ పరీక్ష అయినాంకనే పెండ్లి" అంది ఆ అమ్మాయి. తరువాత నా వైపు తిరిగి, "అక్కా, ఆ డాక్టరును నేను గూడా ఒకసారి సూడాల" అంది.

చూసింది. తండ్రిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళి, ఆయన భయాలన్నీ ఆయన చేతనే అడిగించింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు మొదటి సూది పడింది. అదే రోజు డాక్టరు మా ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమన్నాడు. నాకూ మా ఆయనకూ లేదు. మేమూ టీకాలు వేయించుకున్నాం. మా అత్తకు ఉంది.

ఆమె నుంచే కాన్పులో కొడుక్కి వచ్చి ఉంటుందన్నాడు డాక్టరు. ఒకే కడుపున పుట్టినా మా ఆయన తప్పించుకున్నాడు, అలా జరుగుతుందట. మా అత్త తమ్ముడు నలభై దాటగానే కడుపులో నీళ్ళు చేరి పోయాడు. ఊళ్ళో తాగుడు వల్ల అన్నారు. ఆయన కాఫీ తప్ప ఏదీ తాగి ఎరుగడు. ఆ మాట అత్తకు ఇప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడికీ తనకూ ఎవరి నుంచి వచ్చి ఉంటుందోనని తన తల్లి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ఆమె వంటింట్లోకి రావడం మానేసింది. ఒక కంచం, ఒక చెంబు వేరుగా పెట్టుకుని వసారాలో కూర్చునేది. డాక్టరు అవసరం లేదన్నాడని నేను చెబితే, "నీకు తెలవదు పాపా. నేను వానికి పాలిచ్చినాననుకుంటి" అనేది. పాల వల్ల కాదని చెప్పినా ఆమె చెవికెక్కలేదు. మా మరిది పక్కన కూర్చుని ఏవేవో కబుర్లు చెప్పేవాడు. ఆమె అతని ముఖం వంక చూసేది కాదు.

రెండో సూదికి ఆ అమ్మాయి తండ్రితో చిత్తూరు వచ్చి మా ఇంటికీ వచ్చింది. నేను కాఫీ కలుపుతున్నాను. వసారాలో వాళ్ళ మాటలు నాకు స్పష్టంగా వినబడ్డాయి.

"అత్తా, మీరు తెలిసి ఇచ్చినారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"తెలవకుండా ఇచ్చినా ఇచ్చినట్టే గదమ్మా."

"మీరు కన్నప్పుడు ఈ సూది లేదు. ఉండుంటే మీరు ఏపించకుండా ఉందురా? నాకు ఉండాది, నేను ఏసుకుంటా ఉండాను. నాకు బిడ్డ పుడితే దానికీ ఏపిస్తాము. మీరు దగ్గరుండి ఏపించాల."

నేను గ్లాసులు పట్టుకుని వెళ్ళేసరికి మా అత్త కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఈ పిల్ల లెక్కలు బాగా సెప్తాది" అంది. సాయంత్రం వంటింట్లోకి వచ్చి, నా చారులో పులుపు ఎక్కువైందని ఎప్పటిలాగే వంక పెట్టింది. అంత సంతోషంగా నేనెప్పుడూ మాట పడలేదు.

తరువాతి నెలలు పెళ్ళి ఎందుకు ఆగిందన్న బంధువుల ప్రశ్నలు దాటవేయడంలో గడిచాయి. పిల్లవాడు ఇల్లు కడుతున్నాడని ఒకరు, పిల్ల ఏదో పరీక్ష రాస్తోందని ఒకరు వాళ్ళే చెప్పుకున్నారు. మేము కాదనలేదు. పురోహితుడు పంచాంగం తిరగేసి, ఇంత మంచి లగ్నం మళ్ళీ దొరకదని ముందున్న ముహూర్తం ఒకటి చూపించాడు. మా అత్త దాన్ని పరిశీలించినట్టు చూసి, "వద్దు సామీ. దానికి మూడో సూది అందదు" అంది. ఏ గ్రహం గురించి మాట్లాడుతోందా అని ఆయన ఆమె వంక చూశాడు.

మూడో సూది పడి, పరీక్షలో రక్షణ వచ్చిందని తేలాక పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ వంకాయ కూర బాగుందన్నారు. ఏడాదిన్నరకు కొడుకు పుట్టాడు. అమ్మ ఒంట్లో వైరస్ లేకపోయినా, ఇంట్లో తండ్రికి, నాయనమ్మకు ఉంది గనక పుట్టిన రోజే టీకా వేశారు. మా అత్త నర్సు భుజం దగ్గర నిలబడి, సూది పూర్తిగా దిగేదాకా కదలలేదు. ఆ పిల్లవాడికి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తున్నప్పుడు, "బ్లేడు నా ముందర మార్చప్పా" అని గుండు గీసే అతన్ని అడిగింది. అతను నవ్వి, "ప్రతి ఒక్కరికీ కొత్తదేనమ్మా" అని ఆమె కళ్ళ ముందే కాగితం విప్పి చూపించాడు. చెవులు కుట్టేటప్పుడూ ఇదే వరస. వీధిలో ఎవరింట్లో కాన్పు అయినా వెళ్ళి బిడ్డ బరువు అడగడానికి ముందు సూది పడిందా అని అడిగేది. కొందరు విసుక్కున్నారు. కొందరు వేయించారు.

మా అత్త ఎనభై దాటాక గుండె ఆగి పోయింది, కాలేయం వల్ల కాదు. మా మరిది ఈమధ్యే రిటైరయ్యాడు. వైరస్ అతనిలో ఇంకా ఉంది. కొన్నేళ్ళుగా రోజుకొక మాత్ర వేసుకుంటున్నాడు, ఆరు నెలలకొకసారి స్కానింగుకు తిరుపతి వెళ్ళి వస్తున్నాడు. భార్యకు రాలేదు, కొడుక్కి రాలేదు. ఆ వైరస్ ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని కాన్పులు దాటుకుంటూ మా ఇంటిదాకా వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పెళ్ళి కోసం ఆగిన ఆ ఏడెనిమిది నెలలను మేము అప్పట్లో పోగొట్టుకున్న కాలం కిందే జమకట్టాం. ఇప్పుడు తిరిగి చూసుకుంటే, మా తరువాతి వాళ్ళకు మేము ఇవ్వగలిగిన కాలమంతా ఆ కొద్ది నెలల్లోనే ఉందనిపిస్తుంది.