మా అవ్వ కొన్న బొగ్గు కారు

మా ఇంట్లో కొన్ని రోజులుగా ఒకటే చర్చ. కరెంటు కారు కొనాలా, పెట్రోలు కారే కొనాలా? కొడుకు ఒక లెక్క చెబుతాడు, కోడలు ఇంకో లెక్క తీస్తుంది. ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుంది, అడవి దారిలో ఆగిపోతే ఎవరిని పిలవాలి, నిండేదాకా ఎంతసేపు కూర్చోవాలి, బ్యాటరీ పాడైతే గతేమిటి. మధ్యలో నా వైపు చూసి, ముసలిదానికి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అన్నట్టు నవ్వుతారు. తెలియకపోవడమేమిటి! ఇవే ప్రశ్నలు నేను పావడా కట్టే వయసులోనే మా ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాను. అప్పుడు వచ్చింది కరెంటు కారు కాదు, బొగ్గు కారు. అంతే తేడా.

పోలీసు యాక్షన్ అయిపోయిన తరువాతి రోజులవి. బజారులో నిజాం నాటి హాలీ రూపాయి ఇంకా చెల్లుతుండేది. మా ఊరు లక్సెట్టిపేటకు దగ్గర, గోదావరి వైపు. మా అవ్వ, అంటే మా అమ్మ, పెళ్లికి ముందు మిషన్ దొరసానుల దగ్గర కాన్పులు చేయడం నేర్చుకుంది. చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ ఆమె నర్సమ్మ. ఆదివారం మేము ప్రార్థనకు పోయేవాళ్లం, మిగతావాళ్లు వాళ్ల వాళ్ల దేవుళ్లకు మొక్కేవాళ్లు. కానీ నొప్పులు మొదలయ్యాయంటే మాత్రం అందరి కాళ్లూ మా వాకిట్లోకే వచ్చేవి. మా నాన్నకు, అదే మా బాపుకు, కాస్త పొలం, ఒక జత ఎడ్లు, ఒక బండి ఉండేవి. అవ్వ అడవి ఊళ్లకు ఆ బండి మీదే పోయేది.

ఒకసారి ఉట్నూరు దారిలోని ఒక పల్లె నుంచి కబురొచ్చింది. బొగ్గులు కాల్చి కమ్మరి కొలుములకు అమ్ముకునేవాళ్ల ఇల్లు. పొద్దున బయలుదేరిన బండి అక్కడికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పటికే ఆ తల్లి పోయింది, కడుపులో బిడ్డా పోయింది. అవ్వ ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని కూర్చుంది. అన్నం ముందు పెడితే ముట్టలేదు. "జర ముందుగాల పోతే బతుకుతుండె" అన్న మాట ఒక్కటే పదే పదే అనేది. అనేది మాకు కాదు, గోడకు. ఆమెను అట్లా చూస్తే నాకు భయం వేసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే టేకు కలప నరికించే కాంట్రాక్టరొకడు తన పని ముగించుకుని ఊరు విడిచి పోతూ, పాత కారు అమ్మేస్తానన్నాడు. అప్పట్లో పెట్రోలుకు కూపన్లు. కూపను చేతిలో ఉన్నా పెట్రోలు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని కారు వెనుక మనిషెత్తు ఇనుప పీపా ఒకటి బిగించి పెట్టుకున్నాడు. దాంట్లో కట్టె బొగ్గులు పోసి, నిప్పు రాజేసి, చేత్తో తిప్పే పంకాతో గాలి ఊదాలి. అప్పుడు పుట్టే గ్యాసు గొట్టాల గుండా పోయి ఇంజనును నడుపుతుంది. ఆ కాలంలో కొన్ని బస్సులూ అట్లాగే నడిచేవి, కాబట్టి మాకది మరీ వింతేమీ కాదు. వింతల్లా మా అవ్వ దాన్ని కొంటాననడమే.

"మనకెందుకే గా మోటరు? ఎడ్లు లేవా?" అన్నాడు బాపు.

"ఎడ్లున్నయి. నా నడుమే లేదు" అంది అవ్వ.

ఇక రోజూ ఇదే పంచాయితీ. ఎడ్లు పని చేసినా తింటాయి, పండుకున్నా తింటాయి, కారు నడిస్తేనే తింటుంది అని అవ్వ. నిజమే కానీ ఎద్దు కుంటితే పసుపు రాసి కట్టు కడతాం, దాని టైరు పగిలితే ఏం రాస్తావని బాపు. బొగ్గులు అడవిలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, పెట్రోలు మాదిరి ఎవరినీ బతిమాలనక్కరలేదని ఆమె. వాగు వస్తే బండి దిగి దాటుతుంది, కారు ఒడ్డున నిలబడి నీళ్లు చూస్తుందని ఆయన. ఎవరి మాటా తప్పు కాదు. అందుకే అది తెగలేదు.

చివరికి అవ్వ తాడోపేడో తేల్చుకుందామనే అడిగింది. "బిడ్డ కడుపుల నుంచి బయటికొచ్చేటప్పుడు నీ ఎడ్ల నడక చూసుకుంట ఆగుతదా?"

"నువ్వు నిప్పు రాజేసి పంకా తిప్పేదాక ఆగుతదా మరి?" అన్నాడు బాపు.

 అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాపు లేచి పశువుల దగ్గరికి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "కొందాం తీయ్. ఎడ్లను మాత్రం అమ్మను" అన్నాడు. అవ్వ మెడలో గొలుసు పోయింది, వాకిట్లోకి కారు వచ్చింది. ఎడ్లు ఉండనే ఉన్నాయి. అట్లా మా ఇంట్లో రెండింటినీ మేపడం మొదలైంది.

కారు వద్దన్న మనిషే దానికి డ్రైవరు. కాంట్రాక్టరు దగ్గర పని చేసినాయన బాపుకు నడపడం నేర్పి పోయాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా బాపు నోటి వెంట "హో... హో..." అని వచ్చేది. అవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పంకా తిప్పే పని నాది. మసి పట్టిన నా ముఖం చూసి అద్దమే జడుసుకునేది. సరే, ఆ కారు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎత్తు ఎక్కలేక మమ్మల్ని దింపి తోయించుకునేది. దుమ్ము పట్టి గొట్టాలు మూసుకుపోతే బాపు తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఒక ఊళ్లో బిడ్డ అడ్డం తిరిగితే, మేము వేళకు చేరబట్టి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఆ రోజు తిరిగి వస్తూ అవ్వ ఆ ఇనుప పీపా మీద చేయి వేసి నిమిరింది. చేయి కాలింది, అది వేరే సంగతి.

కాన్పు చేసినందుకు అవ్వకు డబ్బు ఇచ్చేవాళ్లు తక్కువ. కోడినో, కుంచెడు జొన్నలో ఇచ్చేవాళ్లు. కారు వచ్చాక ఆ తీరు మారింది. బొగ్గుల బస్తా తేవడం మొదలుపెట్టారు. కొందరైతే కాన్పుకు ముందే తెచ్చి పెట్టిపోయేవాళ్లు, తమ ఇంటికి కారు తప్పకుండా రావాలని. బాపు అందరికీ ఒకటే చెప్పేవాడు, "దుమ్ము లేకుండ సాఫ్ బొగ్గులు తేండ్రి. దుమ్ముంటే గిది నడువది."

ఉట్నూరు దారిలో అవ్వ చేరేలోపే ఒక తల్లి పోయిందని చెప్పానే, ఆ తల్లికి ఒక చెల్లెలు ఉండేది. ఆమెనూ అదే ఊళ్లో ఇచ్చారు. ఇప్పుడు ఆ పిల్లకు తొలిచూలు. నెలలు నిండుతుండగా అవ్వ చూడడానికి పోతే నేనూ వెంట వెళ్లాను. నాకంటే మరీ పెద్దదేమీ కాదు. ఆ పిల్ల అవ్వ చేయి పట్టుకుని వదల్లేదు.

"నర్సమ్మా, మా అక్కకు బండి మీద వస్తివి. నాకు కారు మీద రావాలె" అంది.

"వస్త బిడ్డా. ఫికర్ చేయకు" అంది అవ్వ. తరువాత ఎప్పటిలాగే ఆ ఇంటి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పింది. గోర్లు తీయాలి, చేతులు సబ్బుతో కడగాలి, పాత బట్టలు ఉడకబెట్టాలి, కాన్పు కోసం ఏది తెచ్చినా వేడినీళ్లతో కడగకుండా లోపలికి తేవద్దు. ప్రతి ఊళ్లో ఈ పాఠం చెప్పేది. ఆమెకు ఇది రెండో ప్రార్థన లాంటిది.

కొన్నాళ్లకు ఆ పిల్ల పంపిందని ఒక బస్తా వచ్చింది. మూతి గట్టిగా కుట్టి ఉంది. అవ్వ దాన్ని విప్పనివ్వలేదు. "గివి గా పిల్ల బొగ్గులు. ఆమె కాన్పుకే" అని కొట్టంలో ఒక మూలకు పెట్టించింది. మధ్యలో వేరే ఊళ్లకు పోవలసి వస్తే మిగిలిన బొగ్గులే వాడాము. అవి అయిపోయాయి కూడా. కొత్తవి కొందామని బాపు అంటే, ఆ బస్తా ఉంది కదా, ముందు ఆ పిల్ల కాన్పు కానీ అంది అవ్వ.

ఒకనాటి పొద్దున ఆమె మరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు. నొప్పులు మొదలైనయట. బాపు బస్తా విప్పి పీపాలో గుమ్మరించాడు. నిప్పు వేశాడు. నేను పంకా తిప్పాను. మామూలుగా కాసేపటికి గొట్టం దగ్గర మంట పట్టి చూస్తే గ్యాసు నీలంగా అంటుకోవాలి. ఆ రోజు తెల్లటి ఆవిరి వచ్చింది. లోపల నుంచి సుయ్ సుయ్ మని చప్పుడు. చేతులు పడిపోయేలా తిప్పాను. ఆవిరి తప్ప ఇంకేం లేదు. బాపు బస్తా అడుగున చేయి పెట్టి తీశాడు.

"తడి! ఇవెట్ల తడిసినయిరా?"

ఆ అబ్బాయికి ఇందులో తప్పేముందో అర్థం కాలేదు. గర్వంగానే చెప్పాడు. "తడువలే బాపూ, కడిగింది. మా వదిన ఒక్కొక్క బొగ్గు కడిగింది. నువ్వు సాఫ్‌వి తెమ్మంటివి, నర్సమ్మ కాన్పుకు ఏది తెచ్చినా వేడినీళ్లతోని కడుగుమన్నది. కడిగి, ఎండకు పోసి, బస్తాల నింపింది."

పైన ఆరినట్టే ఉండి ఉంటాయి. బొగ్గు లోపల తాగిన నీళ్లు ఎవరికి కనిపిస్తాయి? అవ్వ ముఖం చూశాను. తిట్టడానికి ఆమె దగ్గర ఎవరూ లేరు. ఆ పిల్ల ఆమె చెప్పిన మాటే విన్నది, అక్షరం తప్పకుండా విన్నది. అవ్వ అరుగు మీద కూలబడి, "నేనే చెప్పిన... నేనే చెప్పిన గదా" అంది. బాపు అప్పటికే కొట్టంలోకి పోయి ఎడ్లను విప్పుతున్నాడు.

ఆ ప్రయాణం ఎంత పొడుగో చెప్పలేను. అవ్వ సంచి ఒళ్లో పెట్టుకుని, పెదవులు కదుపుతూ కూర్చుంది. బాపు ఎప్పుడూ ఎడ్లను కొట్టడు. ఆ రోజు కొట్టాడు. వాటి వీపు మీద కర్ర పడినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించుకోవడం నేను చూశాను. ఊరు చేరేసరికి మళ్లీ అదే వేళ, పొద్దు నడినెత్తిన ఉంది. ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు.  అంతలో లోపల నుంచి ఆ పిల్ల కేక వినిపించింది. అంత సంతోషపెట్టిన కేక నేను మళ్లీ వినలేదు. బతికే ఉంది! అవ్వ బండి ఆగకముందే దూకింది.

తొలి కాన్పు, తొందరగా కాలేదు. మధ్యాహ్నమంతా పట్టింది. లోపల చాపలు కడిగి ఉన్నాయి, బట్టలు ఉడికించి ఆరేసి ఉన్నాయి, అత్త చేతులకు మట్టి మచ్చయినా లేదు. పొద్దు వాలేవేళకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఊరంతా వినేలా ఏడ్చింది. తల్లికి రక్తం ఆగింది. అవ్వ అప్పుడు గోడకు ఆనుకుని, ఎంతో సేపటికి ఊపిరి వదిలింది. నేను నీళ్ల చెంబు అందించాను.

ఆ పిల్ల కళ్లు తెరిచి మొదట బిడ్డను అడగలేదు.

"నర్సమ్మా, నా బొగ్గులు మంచిగ మండినయా?"

గదిలో ఉన్నవాళ్లంతా చూపులు దించుకున్నారు. వాకిట్లో మా బండి నిలబడి ఉందని అత్తకు తెలుసు, తోడికోడలికి తెలుసు, గడప దగ్గర నిలబడ్డ మరిదికి తెలుసు.  నా జన్మలో మా అవ్వ అబద్ధమాడగా విన్నది ఆ ఒక్కసారే.

"మంచిగ మండినయి బిడ్డా. అసొంటి బొగ్గులు నేనెన్నడు చూడలే. గందుకే జల్దిన వచ్చిన."

ఆ పిల్ల నవ్వింది. "మీరు వచ్చినప్పుడు నొప్పులతోని నాకు సోయి లేదు. పోయేటప్పుడు కారు చప్పుడు వింట" అంది.

అవ్వ ఒక్క క్షణం తడబడింది. తరువాత ఆమె పక్కనే చాప మీద కూర్చుని, చేయి తన చేతిలోకి తీసుకుని, "నువ్వు పండుకో. నువ్వు నిద్రపోయినంకనే పోత" అంది. మట్టిగోడ అవతల ఉన్న బాపు ఇదంతా విన్నాడు. నేను బయటికి వచ్చేసరికి ఎడ్ల మెడల నుంచి గంటలు ఒక్కొక్కటే విప్పి, మోగకుండా తన రుమాలులో మూట కడుతున్నాడు. ఆ పిల్లకు నిద్ర పట్టాక ముగ్గురం బండి ఎక్కకుండా పక్కనే నడుచుకుంటూ ఊరు దాటాము. ఎడ్లను కూడా ఎవరూ అదిలించలేదు.

ఊరి పొలిమేర దాటాక అవ్వ బండి ఎక్కింది. ఎక్కి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎందుకే ఏడుస్తవ్, ఇద్దరు బతికిరి గదా" అన్నాడు బాపు.

"గా పిల్ల చేతులు చూడలే నువ్వు" అంది అవ్వ. "వేడినీళ్లల్ల బొగ్గులు కడిగి కడిగి, వేళ్లన్ని పగిలి ఉన్నయి."