జంగయ్య కొన్న లైటు

జంగయ్యకు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవడం రాదు. పెళ్ళిలోనైనా, చావింట్లోనైనా కుర్చీ అంచునే కూర్చుంటాడు. కుడిచెయ్యి నడుం దగ్గరే ఉంటుంది. చిట్యాల లీడరుకు గన్‌మన్‌గా వచ్చిన నాటి నుంచీ అంతే. ఆయన కారు దిగితే దిగుతాడు, ఎక్కితే ఎక్కుతాడు. తిరిగి పోలీస్ స్టేషన్ డ్యూటీకి పోతానంటే లీడరు ఎప్పుడూ ఒకటే మాట అంటాడు, పట్టించుకోకు అన్నట్టు: "లైట్ తీస్కో."

లీడరు తోట ఇంట్లో కరెంటు పోతే జంగయ్యకు ఒక చేత టార్చి, ఒక చేత పిస్తోలు. తలుపు తెరవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని పిస్తోలు గొట్టం కింద బిగించే లైటు కొన్నాడు. పెద్దది ముందుకు పొడుచుకొస్తుందని, గొట్టంతో సమానంగా కుదిరే చిన్నదే ఏరుకున్నాడు. పొద్దున్నే తూటాలన్నీ తీసి పక్కన పెట్టి, లైటును గాడిలోకి తోసి, మర బిగించాడు. ఊపి చూస్తే కదల్లేదు. తీరా చూస్తే పిస్తోలు నడుముకున్న తోలు పౌచులో దూరలేదు. ఇంతలో కారు హారన్ మోగింది.

"సార్, పౌచుల పడ్తలేదు. జర కొత్తది తెచ్చుకుంట. గట్లనే నా బదిలీ సంగతి గూడ..."

లీడరు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "లైట్ తీస్కో జంగయ్యా."

జంగయ్య లైటు తీశాడు. తూటాలు నింపిన పిస్తోలు పౌచులోకి పోయింది. జంగయ్య ముందు సీట్లోకి పోయాడు.