పదో నంబరు పానా

వీధిలో అందరూ ఆయన్ని విమానం తాతయ్య అంటారు. యుద్ధంలో ఎన్ని విమానాలు కూల్చారని ఎవరైనా అడిగితే తాపీగా జవాబిస్తారు.

"శత్రువులది ఒక్కటీ లేదు. కూల్చినంత పని చేసింది ఒక్కదాన్నే. అది మనదే."

ఆయన సైన్యంలో విమానాల మెకానిక్కు. షెడ్డు గోడకి పెద్ద చెక్క పలక ఉండేది. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ ఎర్రరంగుతో గీసి, ఎవరి చోట వాళ్ళన్నట్టు తగిలించేవారు. పనయ్యాక ఒక్క ఎర్ర ఆకారం ఖాళీగా కనబడినా విమానం కదలకూడదు. ఆ పనిముట్టు లోపలే ఉండిపోయి, పైకెళ్ళాక దొర్లి దేనికి అడ్డుపడుతుందో ఎవరికి తెలుసు? పలక నిండిందని సంతకం చేసేది ఈయనే. ఓసారి స్క్రూడ్రైవర్ కనబడలేదని పెద్ద అధికారి ప్రయాణాన్నే మూడు గంటలు ఆపారు.

"ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నేను మాత్రం దర్జాగా వెతికించాను," అని ఇప్పటికీ మురిసిపోతారు.

యుద్ధం ముగిసింది. ఇళ్ళకి చేర్చే సరుకుల విమానంలో ముప్పైమంది మూటాముల్లెతో ఎక్కి కూర్చున్నారు. ఇంటి దగ్గర, ఈయనింకా చూడని కూతురికి ఆరు నెలలు. పని బట్టలు సంచిలో కుక్కి, సంతకం పెట్టబోతూ పలక వైపు చూశారు. పదో నంబరు పానా లేదు. పొద్దున ఆ విమానం ఇంజను దగ్గరే వాడింది! షెడ్డంతా గాలించారు. దొరకలేదు. చెబితే ఇంజను విప్పాలి, ప్రయాణం ఎన్నాళ్ళు వాయిదా పడుతుందో.

"ఒరేయ్, ఎక్కుతావా లేదా? మా ఆవిడ నా మొహం మర్చిపోయేలా ఉంది!" అని తోటి మెకానిక్కు లోపల్నుంచి కేకేశాడు.

ఈయన పక్క షెడ్డు పలక మీది పానా తెచ్చి తగిలించి, సంతకం గీకేసి ఎక్కేశారు.

రెండు గంటల దారిపొడుగునా అందరూ పాటలు. ఈయన మాత్రం సంచి మీద కూర్చుని, చెవిని విమానం రేకుకి ఆనించి వింటున్నారు. ఎక్కడ టంగుమన్నా పైప్రాణాలు పైనే పోయేవి.

"ఇంటికెళ్తూ ఆ ఏడుపు మొహమేంట్రా?"

"కడుపులో బాలేదు."

అబద్ధం కాదు. కాకపోతే విమానం కడుపులో.

క్షేమంగానే దిగారు. మర్నాడు భార్య ఉతకడానికి బట్టలు దులుపుతుంటే, పని ప్యాంటు జేబులోంచి పానా ఠంగున పడింది. రెండు గంటలూ ఆయన దాని మీదే కూర్చున్నారన్నమాట.

"ఏమండీ, పిల్లకి తెచ్చిన బొమ్మ ఇదేనా?"

ఈయన కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, సంగతంతా చెప్పారు. ఆవిడ నవ్వలేదు.

"ఇది నిజంగా ఇంజనులోనే ఉండుంటే? ఆ ముప్పైమందికీ ఇళ్ళు లేవా? మీకొక్కరికేనా పెళ్ళాంబిడ్డలు?"

నాలుగు వారాలకి ఓ స్నేహితుడు ఉత్తరం రాశాడు: పక్క షెడ్డువాళ్ళు పానా పోయిందని ఆ రోజు ఒక్క విమానాన్నీ కదలనివ్వలేదట.

ఆ పానా తిరిగి పంపే ధైర్యం చాలలేదు. వంటింట్లో గరిటెల వరసలో ఎర్రరంగుతో దాని ఆకారం గీసి తగిలించారు. నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది. ఇప్పటికీ ఆయన చెప్పులేసుకుంటే చాలు, ఆవిడ గోడ వైపు ఓసారి చూసి అంటుంది:

"ఆఁ, ఉంది. ఇక ఎగరండి."